లక్డీకాపూల్ దాకా వచ్చి ఆగిన అధికారం

కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట, పంజాగుట్ట, లక్డీకాపూల్ దాటగానే అసెంబ్లీ స్టేషన్. మెట్రో రాకముందే, 2009లో, కూకట్‌పల్లి ఓటుతో లోక్‌సత్తా పార్టీ అసెంబ్లీకి చేరింది. 294 మంది సభలో దాని బలం ఒక్కరే: వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ్ (జేపీ).

లోక్‌సత్తా లాంటి ఉదారవాద పార్టీ తెలుగువాళ్లకు కొత్తేం కాదు. 1959లో పుట్టి, సహకార వ్యవసాయాన్ని ఎదిరించిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడు నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగాయే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచిన ఆ పార్టీ 1974కల్లా కనుమరుగైంది. రాష్ట్రాల హక్కుల మాటను జనంలోకి తెచ్చింది మాత్రం ఎన్టీఆర్. 1983లో తెలుగుదేశం ఢిల్లీ పెత్తనాన్ని నిలదీసి గెలిచింది. తర్వాత సమితులు పోయి మండలాలొచ్చాయి. నిధుల తాళంచెవి మాత్రం సచివాలయం దాటలేదు.

లోక్‌సత్తా పట్టుకున్నది ఆ తాళంచెవినే. డాక్టరీ చదివి, 1980లో ఐఏఎస్‌లో చేరిన జేపీ 1996లో ఉద్యోగం వదిలి లోక్‌సత్తాను ఉద్యమంగా మొదలుపెట్టారు. పెట్రోలు బంకుల్లో కొలత సరిచూడటం, అభ్యర్థుల నేరచరిత్రను బయటపెట్టడం అప్పటి పనులు. మున్సిపాలిటీలో పని ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల పరిహారమిచ్చే పౌరసేవా పత్రం కోసమూ పట్టుబట్టారు. మొత్తం చిన్నదే, కానీ గుమాస్తా బల్ల ముందు నిలబడ్డవాడికి దాని విలువ తెలుసు.

స్థానిక సంస్థల కోసం తెచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చినా హైదరాబాద్ కార్పొరేషన్‌కు 2002 దాకా ఎన్నికలే జరగలేదు. 2006 అక్టోబర్ 2న పార్టీగా మారిన లోక్‌సత్తా, అధికారం ఊరికీ వార్డుకీ దిగాలంది. మరుసటి ఏడాదే 12 మున్సిపాలిటీలను హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపి జీహెచ్ఎంసీ చేశారు. అలా సొంత మున్సిపాలిటీ పోగొట్టుకున్న వాటిలో కూకట్‌పల్లీ ఒకటి. వికేంద్రీకరణ పార్టీకి ఏకైక సీటు ఇచ్చిందీ అదే!

2009లో ఆ పార్టీకి రాష్ట్రమంతా కలిపి వచ్చిన ఓట్లు సుమారు 1.8 శాతం. చదువుకున్న నగర ఓటరు పార్టీ ఈల గుర్తును ఆదరించాడు, ఊళ్లు పెద్దగా పలకలేదు. ఊరికి అధికారం కావాలన్న పార్టీకి ఊళ్లోనే కార్యకర్తలు కరువు. పైగా అన్నిటికీ జేపీ ముఖమే. అధికారాన్ని పంచమన్న పార్టీ ఒక్క మనిషి మీద నిలబడింది.

2014లో జేపీ మల్కాజిగిరి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. 2016లో పార్టీ ఎన్నికల బరి నుంచి తప్పుకుంది.