పాలగిన్నెలో థర్మోస్టాటు

మొన్న ఆదివారం పొద్దున్నే పాలు కాద్దామని వంటింట్లోకి వెళ్ళానా, నా పాలగిన్నెలో మా వారు ఇత్తడి బిళ్ళొకటి ఉడకబెడుతున్నారు! చేతిలో పొడుగాటి థర్మామీటరు, ముక్కు మీద కళ్ళజోడు.

"ఏమిటండీ ఇది?"

"థర్మోస్టాటు" అన్నారు, అదేదో పప్పుచారు అన్నంత తేలిగ్గా.

దీనికంతటికీ కారణం మా చెల్లెలి కొడుకు. జపానులో సెండాయ్ అనే ఊళ్ళో ఉద్యోగం. ఉద్యోగం చేసుకుని ఊరుకోవచ్చు కదా! పాత నిస్సాన్ సిల్వియా కారొకటి కొని, సెలవు రోజుల్లో 'డ్రిఫ్టింగ్' మొదలెట్టాడు. అంటే మరేం లేదు, కారు ముక్కు ఒక వైపు, ప్రయాణం మరో వైపు. వెనక చక్రాలు పొగలు కక్కుతూ జారిపోతుంటే మలుపులన్నీ అడ్డంగా తిరగడం. 1970లలో కునిమిత్సు తకహాషి అనే ఆయన రేసుల్లో ఇలా తిప్పి చూపించాడు. అది చూసి కీయిచి త్సుచియా అనే కుర్రాడు కొండదారుల్లో సాధన చేసి 'డ్రిఫ్ట్ కింగ్' అనిపించుకున్నాడు. 2001 నాటికి దానికి డీ1 గ్రాండ్ ప్రీ అని ఏటేటా పోటీలే వచ్చేశాయి.

అసలు కష్టం వేడిది. మామూలు కారు ముందుకు పోతుంటే గాలి తిన్నగా రేడియేటరుకి తగులుతుంది. వీళ్ళ కారు అడ్డంగా పోతుంది. ఇంజను గొంతు చించుకుంటుంది గాని, వేగం అంత ఉండదు. గాలి తక్కువ, సెగ ఎక్కువ.

ముందురోజు రాత్రి వాడు ఫోనులో, "పెద్దమ్మా, రెండు చుట్లకే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. థర్మోస్టాటు తీసిపారేస్తే నీళ్ళు అడ్డు లేకుండా పారి ఇంజను చల్లబడుతుందంటున్నారు. తీసెయ్యనా?" అన్నాడు.

నా గుండె గతుక్కుమంది. ఎందుకంటారా?

1983లో మా నాన్నగారు పాత అంబాసిడరు కొన్నారు. మొదటి ప్రయాణం తిరుమలకే. ఘాటు రోడ్డు సగం ఎక్కామో లేదో బానెట్టులోంచి ఆవిరి! అమ్మ మరచెంబులో తాగడానికి తెచ్చిన నీళ్ళు కూడా దానికే పోశాం. ఇంటికొచ్చాక మెకానిక్కు ఒక బిళ్ళ ఊడదీసి, "ఇదండీ తంటా. చలిదేశాలవాళ్ళకి గాని, మన ఎండలకి ఇదెందుకండీ?" అన్నాడు. ఎంత సబబుగా ఉందో చూడండి! నాన్నగారు వెంటనే సరేనన్నారు. ఆ తర్వాత కారు కొండా ఎక్కలేదు, మరగనూ లేదు. మెకానిక్కు మాటే నిజమని మేమంతా నమ్మేశాం.

అసలీ బిళ్ళ కథ ఈనాటిది కాదు. 1572లో హాలెండులో పుట్టి, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ కొలువులో చేరిన కార్నేలిస్ డ్రెబెల్ అనే ఆయన కోడిగుడ్లు పొదిగించే పెట్టె తయారుచేశాడు. గుడ్లకు సెగ ఎక్కువైతే ఉడుకుతాయి, తక్కువైతే మురుగుతాయి. అందుకని వేడికి ద్రవం వ్యాకోచించి, పాదరసాన్ని పైకి నెట్టి, పొయ్యికి గాలి వచ్చే దారి దానంతటదే మూసుకునేట్టు అమర్చాడు. చల్లబడితే మళ్ళీ తెరుచుకుంటుంది. పెట్టకోడికి తెలిసిన విద్యను మనిషి యంత్రానికి నేర్పడమంటే ఇదే. తర్వాత 1830లో స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ రెండు లోహాల రేకులు అతికించి, వేడికి వంగే సాధనం చేసి దానికి థర్మోస్టాటు అని పేరు పెట్టాడు. మన ఇస్త్రీపెట్టెలో ఉండే కిటుకు అదే.

కార్లకు మొదట్లో ఈ భాగ్యం లేదు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీ కార్లలో, తొలి కొన్నివేల బళ్ళు పోగా, తక్కిన వాటికి నీటి పంపు కూడా లేదు. వేడినీళ్ళు పైకి, చల్లనీళ్ళు కిందికి, వాటంతటవే తిరిగేవి. చలికాలంలో ఇంజను వేడెక్కక, రేడియేటరుకి దుప్పట్లు కప్పేవాళ్ళట, పసిపిల్లకి కప్పినట్టు! 1914లో కాడిలాక్ కంపెనీ తన కార్లకు థర్మోస్టాటు పెట్టింది. 1930లలో సెర్జియస్ వెర్నే మైనంతో పనిచేసే రకాన్ని కనిపెట్టాడు. ఈనాటికీ చాలా కార్లలో ఉన్నది అదే.

పని చాలా సులువు. చిన్న ఇత్తడి డబ్బాలో మైనం. సుమారు 82 డిగ్రీల దగ్గర అది కరిగి, ఉబ్బి, ఒక పుల్లను నెడుతుంది. తలుపు తెరుచుకుని నీళ్ళు రేడియేటరుకి పోతాయి. చల్లబడితే స్ప్రింగు తలుపు మూసేస్తుంది. మైనం కారిపోతే మాత్రం తలుపు మూసుకునే ఉండిపోతుంది. మెకానిక్కులకి దానిమీద కోపం అందుకే. చెడిపోయినదాన్ని తీసి, ఇల్లు చేరాక కొత్తది వేయించుకుంటే తప్పులేదు. వేయించకపోవడమే తప్పు.

ఎందుకంటే ఇంజనుకి వేడి శత్రువు కాదు. తగినంత వేడి లేకపోతే ఆయిలు చిక్కగానే ఉంటుంది, పెట్రోలు సరిగా కాలదు, కాలనిది సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది, లోపల చెమ్మ చేరి లోహం అరుగుతుంది. నాన్నగారి ఆఫీసు ఇంటికి రెండు మైళ్ళు. ఆ కారు ఇంజను ఏనాడూ సరిగ్గా వేడెక్కనేలేదు. మూడేళ్ళలో నీలం పొగ మొదలైంది. ఇంజను బోరు చేయించాలన్నారు. చేతిలో డబ్బు లేక అమ్మ చేతి గాజులు రెండూ వెళ్ళిపోయాయి. అప్పుడు వేరే మెకానిక్కు రేడియేటరు విప్పి చూపించాడు. బోరు నీళ్ళ సున్నం మన కాగుల్లో కట్టినట్టు గొట్టాల నిండా పేరుకుపోయి ఉంది! కొండమీద కారు మరిగింది అందుకూ! నేరమంతా బిళ్ళ లేకపోవడానిదే అనను. బండి అప్పటికే ముసలిది. కాని దోషం ఒకచోట ఉంటే శిక్ష ఇంకోచోట పడింది. జరిమానా అమ్మ కట్టింది.

అందుకే మా వారు గిన్నెలో ప్రయోగం పెట్టింది. ఎప్పుడో మా పాత కారుకని కొని దాచిన స్పేరు అది. ఎలా చూడాలో వీడియోలో వాడికి చూపిస్తున్నారు. 82 దగ్గర తలుపు మెల్లగా కదిలింది. ఇంకాస్త కాగాక పూర్తిగా తెరుచుకుంది. "చూశావుట్రా! ఇంజను వేడెక్కితే ఇది ఎలాగూ తెరుచుకునే ఉంటుంది. తీసేస్తే నీకు కలిసొచ్చేది బహు స్వల్పం. కొన్ని ఇంజన్లలోనైతే ఇది తీస్తే పక్కదారి మూసుకోక, వేడినీళ్ళు రేడియేటరుకి పోకుండా అక్కడక్కడే తిరుగుతాయి. అప్పుడు ఇంకా మరుగుతుంది" అన్నారు.

"మరి రేసువాళ్ళు తీసేస్తారుగా పెదనాన్నా?"

"తీసినవాళ్ళు చాలామంది ఆ చోట బెజ్జమున్న రేకు పెడతారు, ఇంజనులో నీటికి ఒత్తిడి తగ్గకుండా. ఉత్త బొక్క వదిలెయ్యరు. పైగా వాళ్ళ బండి రేసుకే. నువ్వు మంచులో అదే కారులో ఆఫీసుకి పోతావు. ముందు రేడియేటరు మూత చూడు, అది కుక్కరు వెయిటు లాంటిది. ఒత్తిడి నిలిపితేనే నీళ్ళు ఆలస్యంగా మరుగుతాయి. ఆ తర్వాత ఫ్యాను చూడు."

నాలుగు రోజులకి వాడు మళ్ళీ ఫోను చేశాడు. ఫ్యాను చుట్టూ ఉండాల్సిన తొడుగే లేదట! ముందటి యజమాని బరువని తీసేశాడట. అది వేయించాక, రేడియేటరు కాస్త పెద్దది పెట్టించాక, ముల్లు మధ్యలోనే నిలబడుతోందట. థర్మోస్టాటు దాని చోట అది ఉంది.

ఆ కబురు వింటూ మురిసిపోతున్నానా, వెనకాల చుయ్యిమని శబ్దం. పాలన్నీ పొయ్యి పాలు! ఏం చేస్తాం, నా గిన్నెకి థర్మోస్టాటు లేదు మరి.