లెక్క తగ్గించిన చరిత్ర: ఇంటి కంప్యూటరులో వీడియో కుదింపు, గుంటూరు – ప్రకాశం ప్రాంతపు దృశ్య రికార్డులు

వ్యాస సంగ్రహం: ఇంటి కంప్యూటరులో వీడియోను త్వరగా కుదించడం సాధ్యమైంది యంత్రాల శక్తి పెరిగినందువల్ల మాత్రమే కాదు. చేయవలసిన లెక్కను తగ్గించే పద్ధతులు యాభై ఏళ్ళుగా రూపొందుతూ వచ్చాయి. వాటిలో కొన్ని ఫలితాన్ని మార్చవు, కొన్ని మారుస్తాయి. ఈ భేదాన్ని చారిత్రకంగా గుర్తించి, గుంటూరు, ప్రకాశం ప్రాంతపు ప్రదర్శన కళల రికార్డులకు దానితో గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వీడియో కుదింపు, కామిశెట్టి రామమోహనరావు, డి.సి.టి., బుర్రకథ, కోటప్పకొండ, దృశ్య రికార్డుల భద్రత.

1. ఉపోద్ఘాతం

పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాల్లో వి.హెచ్.ఎస్. క్యాసెట్ల కాలంలో పెళ్ళిళ్ళతో పాటు తిరునాళ్ళు, పద్యనాటకాలు, బుర్రకథలు కూడా టేపులకెక్కాయి. ప్రదర్శన కళలపై పరిశోధించేవారికి ఇవి ప్రాథమిక ఆధారాలు. అయితే టేపు మీది అయస్కాంత పూత కాలక్రమంలో క్షీణిస్తుంది. అందువల్ల వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం అవసరమైంది.

ఇక్కడ పరిమాణం అడ్డు వచ్చింది. 180 నిమిషాల క్యాసెట్టును 720×576 చుక్కల చిత్రంగా, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, రంగుల వివరాన్ని సగానికి సగం తగ్గించి దాచినా దాదాపు 168 గిగాబైట్లు అవుతుంది. 4.7 గిగాబైట్ల డి.వి.డి.లు 36 కావాలి. కుదించక తప్పదు. కుదింపుకు పట్టే సమయమే స్టూడియోలకూ, పరిశోధకులకూ సమస్య అయింది.

2. మూలం: 1974 నాటి పరివర్తన

నేటి కుదింపు ప్రమాణాలలో అధికభాగానికి ఆధారమైన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ (డి.సి.టి.) 1974 జనవరిలో ఐ.ఇ.ఇ.ఇ. కంప్యూటర్ల పత్రికలో ప్రచురితమైంది. రచయితలు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. 1972లో ఈ ఆలోచనపై పరిశోధనకు అహ్మద్ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు కోరగా లభించలేదు.

కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు (1931–2021). తెలుగు ఇంటిపేరుగల ఈ ఆచార్యుడు 1952లో మద్రాసు విశ్వవిద్యాలయం కింద గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టా పొందారు. గుంటూరు సహా కోస్తా జిల్లాలు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అహ్మద్, రావు ఇద్దరూ 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచే డాక్టరేట్ పొందారు. ఆ తరువాత రావు ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా స్థిరపడ్డారు. పి. యిప్‌తో కలిసి 1990లో ఆయన వెలువరించిన డి.సి.టి. గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైంది. కుదింపులోని లెక్కల భారాన్ని తగ్గించడంపై ఆయన పర్యవేక్షణలో అనేక సిద్ధాంత వ్యాసాలు వెలువడ్డాయి.

డి.సి.టి. చేసే పనిని ఈ నేల భాషలోనే చెప్పవచ్చు. జిన్నింగు మిల్లులో దూదినీ గింజనీ వేరుచేసినట్లు, ఇది 8×8 చుక్కల గడిలోని స్థూల ఛాయనూ సూక్ష్మ వివరాన్నీ వేరుచేస్తుంది. వేరుచేయడం వల్ల నష్టం లేదు. తరువాత కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మ వివరాన్ని తగ్గిస్తారు. ఇది మిరపకాయల్లో తాలు ఏరివేయడం వంటిది. బేలుగా నొక్కిన దూది విప్పితే మళ్ళీ విచ్చుకుంటుంది. ఏరివేసిన కాయ మాత్రం టిక్కీలోకి తిరిగి రాదు.

3. ఫలితం మారని వేగం

ఎనిమిది సంఖ్యల డి.సి.టి.ని సూత్రం ప్రకారం నేరుగా చేస్తే 64 గుణకారాలు అవసరం. 1977లో చెన్, స్మిత్, ఫ్రాలిక్ వాటిని 16కు తగ్గించారు. 1989లో లోఫ్లర్, లిగ్టెన్‌బర్గ్, మోషిట్జ్ 11కు తెచ్చారు. వి.సి.డి. చిత్రం పరిమాణం 352×288. ఇందులో సెకనుకు 59,400 గళ్ళు వస్తాయి. అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా చేసే నేరు పద్ధతిలో ఒక్కో గడికి 1,024 గుణకారాల వంతున సెకనుకు దాదాపు 6 కోట్లు కావాలి. లోఫ్లర్ పద్ధతిలో గడికి 176 వంతున సుమారు 1 కోటి సరిపోతాయి. గణితపరంగా ఫలితం అదే. పని ఆరో వంతుకు దిగింది.

యంత్రం వైపు నుంచి కూడా ఇటువంటి మేలే జరిగింది. 1997లో ఇంటెల్ పెంటియం ప్రాసెసరులో ప్రవేశపెట్టిన ఎం.ఎం.ఎక్స్. ఆదేశాలు ఎనిమిది చుక్కలను ఒకేసారి లెక్కించగలిగాయి. 1999 నాటి పెంటియం 3లో ఎనిమిది చుక్కల తేడాలను ఒకే ఆదేశంతో కూడే సౌకర్యం వచ్చింది. ఈ వేగానికి చిత్రం ఏ మూల్యమూ చెల్లించలేదు.

4. ఫలితం మారే వేగం

అసలు భారం డి.సి.టి.లో కాదు, కదలికను వెతకడంలో ఉంది. ఒక ఫ్రేములోని 16×16 చుక్కల ఖండం ముందటి ఫ్రేములో ఎక్కడ ఉందో కనుక్కుంటే, ఆ ఖండాన్ని మళ్ళీ దాచనక్కరలేదు; స్థానభ్రంశాన్నీ, మిగిలిన తేడానూ దాస్తే చాలు. నలువైపులా 16 చుక్కల దూరం వరకు ప్రతి స్థానాన్నీ పోల్చితే ఒక్కో ఖండానికి 1,089 పోలికలు, ఒక్కో పోలికకు 256 తేడాలు. వి.సి.డి. పరిమాణానికే సెకనుకు దాదాపు 276 కోట్ల తేడాలు లెక్కించాలి.

1981లో కోగా బృందం ప్రతిపాదించిన మూడంచెల వెతుకులాట, 7 చుక్కల పరిధిలో 225 పోలికలకు బదులు 25తో సరిపెట్టింది. ముందు దూరదూరంగా చూసి, మెరుగైన చోట దగ్గరగా వెతకడం దాని పద్ధతి. అది సరైన స్థానాన్ని తప్పిపోవచ్చు. 2003లో హెచ్.264 ప్రమాణం వచ్చాక ఎక్స్264 అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇటువంటి ఎంపికలను ‘అల్ట్రాఫాస్ట్’ నుంచి ‘ప్లసీబో’ వరకు పది స్థాయిలుగా అమర్చింది. 2011లో ఇంటెల్ క్విక్ సింక్, 2012లో ఎన్విడియా ఎన్వెంక్ కుదింపు పనికి చిప్పులోనే ప్రత్యేక భాగాన్ని కేటాయించాయి. వీటి వేగం ఎక్కువ. కానీ అవి వెతికే అవకాశాలు పరిమితం. అందువల్ల తొలి తరాల చిప్పులు అదే పరిమాణంలో నిదానమైన సాఫ్ట్‌వేరు ఇచ్చినంత నాణ్యత ఇవ్వలేకపోయాయి.

5. తొందరకు మూల్యం ఎవరు చెల్లించారు?

వెతుకులాట తగ్గిస్తే చిత్రం చెడుతుందనడం పూర్తి సత్యం కాదు. నాణ్యతను స్థిరంగా ఉంచితే ఫైలు పెరుగుతుంది. పరిమాణాన్ని స్థిరంగా ఉంచితే చిత్రం దెబ్బతింటుంది. వి.సి.డి.లో చిత్రానికి కేటాయించినది సెకనుకు సుమారు 1.15 మెగాబిట్లు. దాన్ని పెంచే వీలు లేదు. కాబట్టి తొందరకు మూల్యం ప్రతిసారీ చిత్రమే చెల్లించింది. అంతకుముందే 720×576 నుంచి 352×288కు కుదించడంలో దాదాపు నాలుగింట మూడు వంతుల చుక్కలు పోయేవి. లెక్క తగ్గించే ఉపాయాలన్నింటిలో సులభమైనదీ, నష్టకరమైనదీ ఇదే.

ఈ మూల్యం అన్ని దృశ్యాలపై సమానంగా పడదు. స్థిరమైన కెమెరా ముందు నిలబడి పద్యం పాడే నటుడి దృశ్యం తేలికగా కుదురుతుంది. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) పేరుతో ప్రసిద్ధమైన బుర్రకథలో కథకుడు తంబురాతో ముందుకూ వెనుకకూ అడుగులు వేస్తాడు, గిరుక్కున తిరుగుతాడు. మహాశివరాత్రినాడు కోటప్పకొండ ప్రభలపై విద్యుద్దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. వెలుగు మారిన ఖండానికి ముందటి ఫ్రేములో జోడు దొరకదు. అక్కడ గళ్ళు గళ్ళుగా చెదిరిన చిత్రమే మిగులుతుంది. పరిశోధకుడికి కావలసిన వంత ముఖకవళిక, గుమ్మెట మీది వేళ్ళ కదలిక సరిగ్గా ఆ క్షణాల్లోనే పోతాయి.

6. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, ఇంటి కంప్యూటరులో కుదింపు వేగం రెండు వేర్వేరు చరిత్రల ఫలితం: ఒకటి లెక్కను తెలివిగా చేసినది, రెండవది కొంత లెక్కను మానేసినది. రెండు, వి.సి.డి. కాలంలో పరిమాణం కట్టుబడి ఉన్నందువల్ల రెండవ చరిత్ర మూల్యం చిత్రంపై పడింది. మూడు, నిల్వ చౌకైన నేడు ఆ కట్టుబాటు లేదు. వేగం అవసరమైనప్పుడు నాణ్యతను స్థిరంగా ఉంచి పెద్ద ఫైలును అంగీకరించవచ్చు. నాలుగు, వి.సి.డి. ప్రతి ఉన్నదని మూల క్యాసెట్టును పారవేయడం తగదు. ఆ ప్రతిలో లేని వివరం ఏ సాఫ్ట్‌వేరుతోనూ తిరిగి రాదు. ప్రదర్శన కళల సిద్ధాంత గ్రంథాల్లో క్షేత్ర రికార్డును ఉదహరించేటప్పుడు తేదీ, స్థలంతో పాటు అది మూల టేపు నుంచి తీసినదో, ఏ తరం ప్రతి నుంచి తీసినదో కూడా నమోదు చేయడం ఆవశ్యకం. చిత్రంలో కనబడనిది ప్రదర్శనలో లేనిదేనా, కుదింపులో పోయినదా అన్నది ఆ నమోదు వల్లనే తేలుతుంది.