అలను బట్టి తెప్ప: మన తూర్పు తీరం నేర్పిన లెక్క

కోవళం వెళ్లాలనుకుంటున్న మన పిల్లలు అడిగారు: నిలబడి తెడ్డు వేసే బోర్డుల్లో, అంటే స్టాండప్ పాడిల్ బోర్డుల్లో, ఏది మంచిది అని. కనుమల కింద చెరువులు చూస్తూ పెరిగిన సేత్తూరు వాళ్లకు సముద్రం సంగతి ఏం తెలుసు అనుకోకండి. ఈ ప్రశ్నకు మన తూర్పు తీరం ఎప్పుడో జవాబు చెప్పింది.

1639లో ఇంగ్లీషు కంపెనీ మద్రాసులో స్థలం సంపాదించేనాటికి అక్కడ రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ మధ్య వరుసగా విరిగే కెరటాలు. ఓడల వెంట వచ్చే గట్టి పడవలు ఆ దెబ్బకు నిలిచేవి కావు. అందుకని మనుషులైనా సరుకులైనా మసూలా పడవల్లోనే దిగాలి. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని ఒక వాదన ఉంది, తేలిన మాట కాదు. విశాఖ వైపు దాన్ని పడవ అనే పిలిచేవారు.

మసూలాలో ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం ఇసుక మీదికి విసిరేస్తే గట్టి పడవ పగులుతుంది, ఇది మాత్రం వంగి లేస్తుంది. అయితే సముద్రం మరీ పొంగిన రోజు ఇదీ దిగలేదు.

అలాంటి రోజు దిగేది తెప్ప, తమిళంలో కట్టుమరం. తేలిక దుంగలు నాలుగైదు కలిపి కట్టినది. అంచులే లేవు కాబట్టి లోపల నీళ్లు నిలవవు. ముంచిన కెరటం సందుల్లోంచి జారిపోతుంది. బోల్తాపడితే మళ్లీ ఎక్కి కూర్చోవడమే. 1697లో అచ్చైన తన యాత్రా గ్రంథంలో విలియం డాంపియర్ ఈ తెప్పల గురించి రాశాడు. ఎక్కినవాడి కాళ్లు ఎప్పుడూ నీళ్లలోనే అన్నాడు. మసూలా వెళ్లలేని రోజు ఓడకు ఉత్తరం చేర్చేది తెప్పవాళ్లే. మసూలా వెంట వెళ్లి, నీళ్లలో పడినవారిని పైకి తీసేదీ వాళ్లే. ఇవాళ పూరీ తీరంలో స్నానాలకు దిగినవారిని కాపాడే నోలియాలు మన తెలుగు మత్స్యకారుల సంతతే.

తెప్పల్లోనూ ఒకటే కొలత లేదు. ఒడ్డు దగ్గర ఒకరిద్దరి వేటకు చిన్నది, దూరం పోయి ఎగిరే కోలా చేపలు పట్టడానికి ఎక్కువ దుంగల పెద్దది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టేవారు. నీరు తాగిన దుంగ బరువెక్కి మొరాయిస్తుంది మరి.

ఇప్పుడు బోర్డులకు వద్దాం. నిలబడి తెడ్డు వేసే పద్ధతిని 1960ల నాటికే హవాయిలోని వైకికీ తీరంలో వాడారు, 2000 తర్వాత లోకమంతా పాకింది. లెక్క మాత్రం మన తెప్పదే. నిలకడ నీటిలో, కొత్తవారికి పదిన్నర, పదకొండు అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు ఉన్నది తీసుకోవాలి. వెడల్పే నిలకడ. దూరం పోవాలంటే పన్నెండున్నర నుంచి పద్నాలుగు అడుగులది, సన్నగా, ముక్కు కోసుగా ఉన్నది. తిన్నగా, వేగంగా పోతుంది, కానీ విరిగే అలలో తిరగదు. అల మీద జారాలంటే ఎనిమిది, తొమ్మిది అడుగుల పొట్టిది, ముక్కు పైకి లేచినది. ముక్కు వంపు లేకపోతే అల దిగేటప్పుడు నీళ్లలోకి గుచ్చుకుంటుంది. పైగా మనిషి బరువుకు తగ్గ బోర్డు కాకపోతే ఏదైనా మునుగుతుంది. ఒక్క బోర్డు కొని అన్నిటికీ వాడదాం అనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

మద్రాసులో 1861లో ఇనుప పియర్ తెరిచారు. 1876లో రేవు పని మొదలైంది. 1881 తుఫాను ఆ గోడలను కూల్చితే మళ్లీ కట్టారు. రేవు వచ్చాక మసూలాకు పని తగ్గింది. తర్వాత ఫైబర్ బోట్లు వచ్చి తెప్పలనూ పక్కకు నెట్టాయి. అయినా ఆ కళ్లు పోలేదు. కోవళంలో 2013లో సర్ఫింగ్ ఉత్సవం మొదలైనప్పుడు బోర్డులెక్కినవారిలో మత్స్యకారుల పిల్లలు ఉన్నారు.

కాబట్టి పిల్లలూ, అద్దెకు బోర్డు తీసుకునే ముందు ఒడ్డున పావుగంట నిలబడి అల ఎక్కడ విరుగుతోందో చూడండి. అక్కడి జాలరి అన్నను అడగండి. ఆయన ఇవాళ వద్దంటే, ఏ బోర్డూ తీసుకోకండి. ఆశ్వయుజ, కార్తీకాల గాలివాన రోజుల్లో అయితే అడిగే పని కూడా లేదు.

మీ బంధువుల్లో తీరప్రాంతం వాళ్లుంటే తెప్పల భాగాలకు వాళ్లు వాడే తెలుగు పేర్లు అడిగి కింద రాయండి. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఉండగానే పోగు చేసుకుందాం.