పెట్టెలో పాట, పందిట్లో పాట

మంచి సెట్టొకటి ఇంట్లో ఉంటే ఇక కచేరీకి వెళ్ళనక్కరలేదనే మాట తరచు వింటుంటాం. ఈ మాటను ప్రచారంలో పెట్టింది సంగీతజ్ఞులు కారు, యంత్రాలమ్మేవారు. దాని పుట్టుక తెలుసుకోవటం అవసరం.

1877లో ఫోనోగ్రాఫు తయారుచేసిన ఎడిసన్, అది పాట కన్న ముందు ఉత్తరాలు చెప్పి రాయించుకోవటానికి పనికొస్తుందని భావించాడు. పాట సరుకైన తర్వాతనే పోలిక కావలసివచ్చింది. 1915 నుంచి సుమారు పదేళ్ళపాటు ఆయన కంపెనీ అమెరికాలో ఊరూరా 'టోన్ టెస్టు'లు జరిపింది. వేదిక మీద గాయని, పక్కన 'డైమండ్ డిస్క్' యంత్రం. యంత్రంతో గొంతు కలిపి పాడుతూ ఆమె మధ్యలో పెదవులు మూసేది. పాట మాత్రం ఆగేది కాదు. తర్వాత దీపాలార్పేవారు. మళ్ళీ వెలిగేసరికి గాయని ఉండేది కాదు, యంత్రం పాడుతుండేది! సభ నివ్వెరపోయేది.

ఆ గాయనుల్లో ఒకరైన ఆనా కేస్ 1972లో అసలు సంగతి బయటపెట్టారు. తేడా తెలియకుండా తానే తన గొంతును యంత్రపు గొంతుకు సరిపెట్టి పాడారట. అంటే యంత్రం మనిషిని అందుకోలేదు, మనిషే యంత్రం దాకా దిగివచ్చింది.

అప్పటి రికార్డింగుకు మైకు లేదు. పెద్ద గరాటులోకి పాడితే ఆ అదురుకు సూది మైనం మీద గీత గీసేది. లోతైన మంద్రమూ, బాగా సన్నని ధ్వనులూ దానికి చిక్కేవి కావు. అందుకే బేస్ వాద్యాలకు బదులు ట్యూబా ఊదించారు; లోహపు గరాటు తగిలించిన స్ట్రో వయొలిన్ వాయింపించారు. 1925లో మైక్రోఫోను వచ్చాక పరిస్థితి ఎంతో మెరుగైన మాట నిజమే.

ఆ గరాటు 1902లో కలకత్తా చేరింది. గ్రామఫోన్ కంపెనీ పంపిన గైస్‌బర్గ్, గౌహర్ జాన్ చేత పాడించాడు. తీరుబడిగా విస్తరించవలసిన ఖయాలు మూడు నిమిషాల్లో ముగియాలి. చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పాలి, ఎక్కడో జర్మనీలో రికార్డు ముద్రించేవాడికి గుర్తుగా!

మన పౌరాణిక నాటక పద్యాలదీ అదే దారి. రికార్డులు నటుల గొంతులను నాటకసమాజాలు చేరని పల్లెలకు సైతం చేర్చాయి. ఈ మేలును కాదంటే కృతఘ్నతే. కాని పందిట్లో పద్యం ఎలా నడిచేదో చూసినవారెరుగుదురు. వెనక నుంచి 'వన్స్ మోర్' కేక పడితే నటుడు మళ్ళీ ఎత్తుకునేవాడు. రెండోసారి రాగం మరో మలుపు తిరిగేది, హార్మోనిస్టు దాని వెంటపడేవాడు. (ఈ సాగదీతను ఈసడించిన విమర్శకులు లేకపోలేదు. వారి బాధ వేరు.) ఆ రాగంలో నేల మీద కూర్చున్న జనానికీ వాటా ఉండేది. రికార్డు మీద సూదిని ఎన్నిసార్లు వెనక్కి పెట్టినా అదే దమ్ము, అదే మలుపు.

1948లో లాంగ్‌ప్లే, 1958లో స్టీరియో డిస్కు, 1982లో సీడీ వచ్చాయి. మూడు నిమిషాల సంకెల తెగింది, బరబర పోయింది. 'సభలో కూర్చున్నట్టే' అనే ప్రకటన మాత్రం మారలేదు. ఇంతలో సభే మారింది. ఇవాళ పరిషత్తు నాటకంలోనూ, కచేరీలోనూ గొంతు మైకు గుండా, స్పీకర్ల గుండానే మన చెవిన పడుతున్నది. పైగా, రికార్డులో విన్నట్టు పాడలేదని శ్రోత గాయకుణ్ణే తప్పుపడుతున్నాడు.