చెత్తగుట్టకు వాలు ఎంత?

విశాఖ నుంచి అరకు వెళ్లే రైల్లో సొరంగాలు లెక్కపెట్టడం అందరికీ అలవాటే. చీకటి పడగానే పిల్లలు కేకలు పెడతారు, పెద్దవాళ్లు మొత్తం 58 అని టూరిజం కరపత్రంలోని అంకె అప్పచెప్తారు. ఆ సొరంగాల్లోంచి తీసిన రాయి ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగరు. నాకూ చాలాకాలం తట్టలేదు. పగలగొట్టిన రాయి కొండలో ఉన్నప్పటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. కొంత కట్టల్లోకి పోతుంది, మిగిలినదాన్ని ఎక్కడో ఒక చోట పొయ్యాలి. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. ఈ కొండల్లోకి పెద్ద యంత్రాలు పెద్ద ఎత్తున వచ్చింది అలాంటి పనులతోనే. అంటే ఇక్కడ యంత్రమూ, అది పోసే గుట్టా, ఆ గుట్ట దగ్గర నిలబడే మనిషీ కొత్తేమీ కాదు.

ఇది తట్టింది గత డిసెంబరులో, ఒక చెత్తగుట్ట దగ్గర. లోయలో ఒక ఊరి బయట, రోడ్డు దిగువన, హోటళ్ల చెత్తంతా పోసే చోటు. టిప్పర్ వచ్చి ఒంపింది. ఒక జేసీబీ దాన్ని అంచుకేసి నెడుతోంది. ఆ రెండిటి మధ్యలో నలుగురు ఆడవాళ్లు, ఒక కుర్రాడు సంచులతో సీసాలు ఏరుతున్నారు. జేసీబీ వెనక్కొచ్చినప్పుడల్లా బీప్ బీప్ మంటోంది, ఎవరూ తల తిప్పట్లేదు. డ్రైవర్ ఒక్కోసారి తల బయటపెట్టి "జరగండే!" అని అరుస్తున్నాడు. టీ తాగేటప్పుడు అడిగాను, వెనకాల వాళ్లు కనపడతారా అని. "అద్దంలో కనపడరు సార్. అలవాటైపోయింది, ఆళ్లే జరిగిపోతారు" అన్నాడు. అందులో నిర్లక్ష్యం లేదు. ఉన్న పద్ధతి చెప్పాడు, అంతే.

ఆ బీప్‌కీ ఒక చరిత్ర ఉంది. 1963లో జపాన్‌లో మత్సుసబురో యమగుచి అనే ఆయన తయారుచేశాడు. ఇక్కడ కొండలు తొలిచి జపాన్ ఉక్కు కోసం రైలు వేస్తున్న దశాబ్దమే అది. కాకతాళీయమే, కానీ నాకు నచ్చిన కాకతాళీయం. తర్వాత అమెరికా నిర్మాణ రంగ నిబంధనలు వెనక చూపు సరిగ్గా ఆనని యంత్రానికి ఒక షరతు పెట్టాయి: చుట్టూ ఉన్న రొదని మించి వినపడే అలారమన్నా ఉండాలి, లేదా రావచ్చని సైగ చెయ్యడానికి ఒక మనిషన్నా ఉండాలి. ఆ రెండోది మనకి ఎప్పట్నుంచో తెలుసు. లారీ క్లీనర్ వెనక నిలబడి బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ రానీ... హోల్డాన్!" అనడం అదే. చెత్తగుట్ట మీద జేసీబీకి క్లీనర్ ఉండడు.

ఇక్కడే చట్టం సంగతి. 1897లో కోలార్ బంగారు గనిలో జరిగిన ప్రమాదంలో 52 మంది పోయారు. 1901లో గనుల చట్టం వచ్చింది, 1902లో తనిఖీ శాఖ పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న 1952 చట్టంలో గని అంటే ఏమిటో చెప్పే చోట ఒక క్లాజు ఉండేది, దాన్ని రెండుసార్లు చదివాను. గని యజమాని చేతిలో ఉండి, గని వ్యర్థాన్ని పోసే స్థలం కూడా గనే. చాలా తెలివైన మాట. గుట్ట దగ్గర మనిషి చచ్చిపోతే అది గని బయట జరిగిందని తప్పించుకోవడానికి లేదు. ప్రమాదాన్ని రిపోర్టు చెయ్యాలి, ఇన్‌స్పెక్టర్ రావాలి, యజమానీ మేనేజరూ జవాబు చెప్పాలి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు గుట్ట వాలు కూడా చెప్పాయి: 37.5 డిగ్రీలు మించకూడదు, ఎత్తు 30 మీటర్లు దాటితే మెట్లు మెట్లుగా పొయ్యాలి, పైనుంచి రాళ్లు దొర్లే గుట్ట అడుగుకి మనిషిని పోనివ్వకూడదు. సింగరేణి ఓపెన్‌కాస్టులకు వర్తించింది ఈ లెక్కే.

అన్నీ రాసుకున్నా ఘోరాలు ఆగలేదు. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా ఓపెన్‌కాస్టులో గుట్ట జారి 23 మంది చనిపోయారు, యంత్రాలతో సహా కూరుకుపోయారు. చట్టం ఉంటే చాలని నేను అనను. కానీ వాళ్లు ఎవరో, ఎవరి కింద పని చేస్తున్నారో చెప్పాల్సినవాళ్లు ఉన్నారు.

చెత్త విషయంలో? 2000 సంవత్సరంలో వచ్చిన మునిసిపల్ చెత్త నిబంధనలు రోజూ చెత్త మీద కనీసం 10 సెంటీమీటర్ల మట్టి కప్పమన్నాయి, పల్చటి పొరలుగా అణచమన్నాయి. పనివాళ్ల భద్రత గురించి మాత్రం అప్పుడప్పుడూ ఆరోగ్య పరీక్షలతో సహా ఏర్పాట్లు చెయ్యాలనే ఒక వాక్యం. 2016 నిబంధనలు చెత్త ఏరేవాళ్లను పేరుపెట్టి గుర్తించాయి, అది చిన్న విషయం కాదు. వాటిలో కొండ ప్రాంతాలకు వేరే భాగమూ ఉండేది: కొండ మీద చెత్త పూడ్చొద్దు, 25 కిలోమీటర్ల లోపు దిగువ మైదానంలో స్థలం చూడండి. అరకు నుంచి ఘాట్ దిగి శృంగవరపుకోట చేరడానికే అంతకు రెట్టింపు దూరం. అలాంటి స్థలం దొరక్కపోతే నాలుగైదు చోట్లకి కలిపి ఒకటి పెట్టుకోమని కూడా ఉండేది, సరే. ఈలోగా రోడ్డు దిగువ లోయ ఉండనే ఉంది.

చెత్త మట్టిలాంటిది కూడా కాదు. లోపల ఖాళీలుంటాయి, గ్యాసుంటుంది, ఒక్కోచోట కనపడకుండా కాలుతుంటుంది. అంచు దగ్గర టైరు ఎప్పుడు దిగబడుతుందో చెప్పలేం. 2017 మార్చిలో అడిస్ అబాబాలో కోషె గుట్ట కూలి 110 మందికి పైగా పోయారు. ఏప్రిల్‌లో కొలంబోలో మీతొటముల్ల. సెప్టెంబరులో ఢిల్లీ ఘాజీపూర్ గుట్ట జారి మనుషుల్నీ బళ్లనీ పక్క కాలువలో పడేసింది, ఇద్దరు చనిపోయారు. ఒక్క ఏడాదిలో మూడు.

భద్రత పాఠాలన్నీ యంత్రానికి దూరంగా ఉండమంటాయి. ఏరేవాళ్లు దగ్గరగా ఎందుకుంటారో అక్కడ అరగంట నిలబడితే అర్థమవుతుంది. టిప్పర్ ఒంపినప్పుడు సీసా సీసాలాగే ఉంటుంది. జేసీబీ బకెట్ ఒకసారి దాని మీదుగా పోయాక బురదలో కలిసిపోతుంది, అప్పుడది డబ్బు కాదు. వాళ్లకున్నది ఒంపడానికీ నెట్టడానికీ మధ్య ఉన్న కాసిన్ని నిమిషాలు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్ని రేస్ కండిషన్ అంటాం: ఒకే వస్తువు మీద ఇద్దరి చెయ్యీ, మధ్యలో లాక్ లేదు. అలారం వాల్యూమ్ పెంచితే అది పోదు. పసుపు చొక్కా ఇచ్చినా పోదు. యంత్రం ఆగి ఉండే వేళ ఒకటీ, ఏరే వేళ ఒకటీ విడదీస్తే పోతుంది. లేదా ఏరే పనినే గుట్ట మీంచి తప్పిస్తే. పుణెలో 2008లో పని మొదలుపెట్టిన స్వచ్ఛ్ సహకార సంఘం చేసింది అదే, చెత్త ఏరేవాళ్లే ఇంటింటికీ వెళ్లి సేకరిస్తారు, ఏరడం గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

అరకు పక్కనే దీనికి సంబంధించిన ఇంకో కథ ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా ఊళ్ల గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. ప్రభుత్వ సంస్థలూ ఆదివాసీ సహకార సంఘాలూ తవ్వుకోవచ్చంది. ఆ దారిన ఒక ఆదివాసీ సంఘం క్వారీ తెరిస్తే, అదే యజమాని. గుట్ట, యంత్రం, దాని వెనక నిలబడ్డ మనిషి, అన్నిటికీ అదే జవాబుదారీ. రాయి విషయంలో ఆదివాసీ యజమాని కాగలడని కోర్టు చెప్పింది. అదే కొండ మీద, మనలాంటివాళ్లం పారేసిన సీసా దగ్గర, ఆవిడ పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

ఆ రోజు నాలుగింటికి డ్రైవర్ జేసీబీ ఆపి, తాళం జేబులో వేసుకుని టీకొచ్చాడు. ఆడవాళ్లు గుట్ట పైకెక్కారు. కుర్రాడు బకెట్ నీడలో కూర్చుని సీసాల మూతలు వేరు చేశాడు. అరగంట సేపు తొందర లేకుండా ఏరుకున్నారు. తర్వాత ఇంజన్ స్టార్టయింది.