ఒకే సర్వర్‌పై పరీక్ష, వినియోగం: స్లామర్ వార్మ్ (2003) నేపథ్యంలో డేటాబేస్ ప్యాచ్ చరిత్ర

2003 జనవరి 25న, భారత కాలమానం ప్రకారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, ఎస్.క్యూ.ఎల్. స్లామర్ అనే వార్మ్ అంతర్జాలంలో వ్యాపించింది. పరిమాణం 376 బైట్లు. మొదట్లో ప్రతి 8.5 సెకన్లకు రెట్టింపవుతూ, పది నిమిషాలలోనే అనువైన యంత్రాలలో 90 శాతానికి పైగా ఆక్రమించింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఏ.టి.ఎం.లు అనేకం మొరాయించాయి. ఈ లోపాన్ని సవరించే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2002 జులై 24నే విడుదల చేసింది. మధ్యనున్న ఆరు నెలలను నిర్వాహకుల అలసత్వంగా చెప్పి ముగించడం పరిపాటి. ఆ తీర్పు అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదన.

ప్యాచ్ అంటే మాసిక. 1944 నాటి హార్వర్డ్ మార్క్-1 యంత్రపు కాగితపు టేపుపై తప్పు రంధ్రాలను నిజంగానే కాగితపు ముక్కలు అతికించి మూసేవారు. చిరిగిన చోటే మాసిక పడుతుంది. డేటాబేస్ ప్యాచ్ మాత్రం తాను తాకిన చోటుతో ఆగదు.

ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2000తో ఒకే యంత్రంపై పలు ఇన్‌స్టన్స్‌లను నడిపే వీలు కలిగింది. ఖర్చు తగ్గించుకోదలచిన సంస్థలు పరీక్షకు ఒకటి, నిత్య వినియోగానికి ఒకటి పక్కపక్కనే పెట్టుకోగలిగాయి. వచ్చిన అభ్యర్థనకు ఏ ఇన్‌స్టన్స్ ఏ పోర్టులో ఉందో చెప్పడానికి యు.డి.పి. 1434 పోర్టులో ఒక సేవ అవసరమైంది. స్లామర్ ప్రవేశించింది సరిగ్గా ఆ సేవ ద్వారానే! సహవాసం కోసం తెరిచిన తలుపే దాడికి దారి అయింది. పైగా ప్యాచ్‌ను ప్రతి ఇన్‌స్టన్స్‌కూ విడిగా వేయాలి. వినియోగంలో ఉన్నదానికి వేసి, ఎవరూ పట్టించుకోని పరీక్షా ఇన్‌స్టన్స్‌ను వదిలేస్తే ఆ యంత్రానికి రక్షణ ఉన్నట్టు కాదు.

ఇక్కడే నిర్వాహకుని సంకటం. ప్యాచ్‌ను ముందు పరీక్షించి చూడాలి. కానీ అనుసంధాన భాగాలు కొన్ని యంత్రమంతటికీ ఉమ్మడివి. పరీక్ష పేరుతో వాటిని మార్చితే వినియోగంలో ఉన్న డేటాబేస్‌నూ కదిపినట్టే. తొలి ప్యాచ్‌కు స్వయంచాలక స్థాపక ప్రోగ్రామ్ లేదు. ఫైళ్లను చేతితో మార్చవలసి వచ్చేది. మైక్రోసాఫ్ట్ సొంత సర్వర్లలోనూ కొన్ని స్లామర్ బారిన పడ్డాయన్నది గమనార్హం. అన్ని చోట్లా ఉమ్మడి సర్వరే కారణమనడం లేదు: ఎం.ఎస్.డి.ఇ. రూపంలో ఈ ఇంజిన్ తమ యంత్రంలో ఉందనే ఎరుక లేనివారూ చాలామంది.

ఒరాకిల్‌లో సమస్య మరో రూపం ధరించింది. 2005 జనవరి నుండి ఆ సంస్థ భద్రతా ప్యాచ్‌లను మూడు నెలలకోసారి విడుదల చేస్తోంది. ఒకే ఒరాకిల్ హోమ్ నుండి రెండు డేటాబేస్‌లు నడుస్తుంటే, ఆ హోమ్‌కు వేసిన ప్యాచ్ రెండింటికీ ఒకేసారి వర్తిస్తుంది. సాధారణంగా రెండింటినీ ఆపాలి. దీనికి విరుగుడుగా అనుభవజ్ఞులు కొత్త హోమ్‌ను వేరుగా స్థాపించి, అందులోనే ప్యాచ్ వేసి, ముందు పరీక్షా డేటాబేస్‌ను అక్కడికి మారుస్తారు. కొంతకాలం గమనించాక వినియోగంలో ఉన్నదాన్ని తరలిస్తారు. వెనక్కి రావలసి వస్తుందేమోనని పాత హోమ్‌ను అంత త్వరగా తొలగించరు.