కంప్యూటరును విద్యుత్తును

బీచుపల్లి రేవున కృష్ణలో స్నానమాడువారికి ఎగువనున్న జూరాల విద్యుత్కేంద్రము ఎఱుకయే. అచ్చటి యంత్రములు ఆరు. ఒక్కొక్కటి 39 మెగావాట్లది. విద్యుత్తు మన యింటికి 230 వోల్టుల ఏకాంతర ప్రవాహమై వచ్చును. కంప్యూటరునకో, 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ ప్రవాహము కావలెను. ఈ మార్పు చేయు పెట్టెయే పవర్ సప్లై.

1969లో టీడీసీ-12 వెలువడిన నాడు కంప్యూటరు గొప్ప సంస్థల సొత్తు. 1981లో ఐ.బి.ఎం. వారు బజారున దొరకు భాగములతోనే పెక్కువరకు తమ పీసీని కూర్చిరి. దాని పెట్టె 63.5 వాట్లది మాత్రమే. 1995లో ఇంటెల్ వారి ఏటీఎక్స్ కొలతలు వెలువడిన పిమ్మట వేర్వేరు సంస్థల పెట్టెలును బోర్డులును ఒకదానికొకటి అమరుట మఱింత సుళువయ్యెను. నాసిరకపు సరకునకును అదియే త్రోవయైనదని నా తలంపు.

మనుమనికి చవుకగా యంత్రము కూర్పింపనెంచు పెద్దలారా! ప్రాసెసరు ఒక మెట్టు తగ్గినచో పని నెమ్మదించును, అంతియే. పవర్ సప్లై నాసిరకమైనచో, వోల్టేజి ఎగసిననాడు అది బోర్డును డిస్కును గూడ వెంట గొనిపోవచ్చును. పెట్టెపై పెద్ద అక్షరముల వాట్లను గాక, 12 వోల్టుల వరుసలోని ఆంపియర్లను చదివి చూచుకొనుడు.